మ్రోగని ఫోనుల మాట

ఈసారి వాచకం గురించో వ్యాకరణం గురించో కాక, నేను స్వయంగా చేసిన ఒక తప్పు లెక్క గురించి వ్రాస్తున్నాను. ఆ లెక్కను ఎవరూ ప్రశ్నించకపోయి ఉంటే మా బడిలో ఒకటవ తరగతి తెలుగు విభాగం ఆ ఏడే మూతపడేది. అందుకు ఆధారమైన కాగితం మీద నా సంతకమే ఉండేది. కూడికలో గాని తీసివేతలో గాని నేను తప్పు చేయలేదు. ఎవరిని అడగాలో ఎంచుకోవడంలో తప్పు చేశాను. తెలుగు పిల్లల భవిష్యత్తును ఫోను సర్వేలతో తేల్చే రోజులు వచ్చాయి కనుక, నా అనుభవం మీలో కొందరికైనా పనికి రావచ్చునని ఆశ.

మాది హోసూరు ప్రాంతం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బెంగళూరు వైపు బస్సెక్కితే కన్నడం. తరతరాలుగా ఇక్కడే ఉన్నవారం. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చిన తరువాత తమిళం తప్పనిసరి పాఠ్యభాష అయింది. ఇంగ్లీషు మీద మోజు దానికి తోడయింది. తెలుగు విభాగంలో చేరే పిల్లల సంఖ్య ఏటేటా తగ్గుతూ వచ్చింది. 2023 ఏప్రిల్‌లో మా ప్రధానోపాధ్యాయులు నన్ను పిలిచి, "అయ్యా, తల్లిదండ్రులకు తెలుగు నిజంగా కావాలా, మనమే పట్టుకొని వేలాడుతున్నామా? ఫోను చేసి అడగండి. వచ్చే సమావేశంలో లెక్క చూపండి" అన్నారు. ఆయన అడిగినది న్యాయమైన మాటే. ఉత్సాహంగా ఒప్పుకొన్నాను.

నా ఫోనులో తల్లిదండ్రుల వాట్సాప్ బృందం ఒకటి ఉన్నది. నంబర్లన్నీ సిద్ధంగా ఉన్నాయి. బడి విడిచిన తరువాత సాయంత్రం నాలుగు నుండి ఆరు వరకు, మూడు రోజులు వరుసగా ఫోను చేశాను. ఎత్తినవారిని ఒకే ప్రశ్న అడిగాను: "మీ ఇంటి పిల్లలను ఒకటవ తరగతిలో తెలుగు విభాగంలో చేర్పించాలని మీకు ఉన్నదా, లేదా?" ఎత్తనివారిని విడిచి తరువాతి నంబరుకు పోయాను. నలభై మంది సమాధానం చెప్పారు. ఇరవై ఎనిమిది మంది అక్కరలేదన్నారు. పదిమందిలో ఏడుగురు! ఆ రాత్రి నివేదిక వ్రాస్తూ బాధపడ్డాను. నాకు ఇష్టం లేని నిజాన్ని కూడా దాచకుండా వ్రాస్తున్నానని లోలోపల కొంత గర్వపడ్డాను కూడా.

రెండు రోజులకు ఒక అవ్వ మనుమణ్ణి వెంటబెట్టుకొని బడికి వచ్చింది. వాడికి ఐదేండ్లు నిండాయి.

"అయివారూ, తెలుగు కావాలా వద్దా అని అందరికీ ఫోను చేసి అడిగినారంట కదా. మా ఇంటికి చేయలేదేమి?" అన్నది.

"మీ నంబరు నా దగ్గర లేదవ్వా" అన్నాను.

"ఉంటే మాత్రం ఏమి లాభం? ఫోను నా కొడుకు జోబిలో ఉంటాది. వాడు కంపెనీలో ఉంటాడు. కోడలు పూలతోటకు పోతాది. పిల్లోడు నా దగ్గర ఉంటాడు. వాడిని ఏ బడిలో వేసేది నేను చెప్తే కదా!" అన్నది.

అవ్వ నవ్వుతూనే అన్నది గాని నాకు నవ్వు రాలేదు. ఆమె వెళ్ళిన తరువాత ఆ నలభై పేర్లను ముందు పెట్టుకొని కూర్చున్నాను. ఒక్కొక్క పేరే చూస్తూ పోతే నా లెక్క గుట్టు బయటపడింది. ఆ వాట్సాప్ బృందాన్ని మొదట ఏర్పాటు చేసినది ఇంగ్లీషు విభాగం వారు, ఇంటిపని పంపించుకొనడానికి. తెలుగు విభాగం తల్లిదండ్రులు అందులో కొద్దిమందే. స్మార్టుఫోను లేనివారు అసలే లేరు. వచ్చే జూన్‌లో మొదటిసారి బడికి రాబోయే పిల్లల ఇండ్లు ఒకటి రెండు తప్ప లేవు. నేను ఫోను చేసిన వేళలో పరిశ్రమలలో పనిచేసే తండ్రులు షిఫ్టులో ఉంటారు, గులాబీ తోటలకు పోయే తల్లులు ఇంకా ఇల్లు చేరి ఉండరు. ఎత్తినవారిలో ఎక్కువమంది అంగళ్ళవారు, ఉద్యోగస్తులు. ఇంగ్లీషు విభాగం వారిని పట్టుకొని తెలుగు కావాలా అని అడిగి, వద్దన్నారని ఊరంతటికీ ఆ మాట అంటగట్టాను.

అన్నం ఉడికిందో లేదో తెలుసుకొనడానికి కుండంతా తిని చూడనక్కరలేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన తల్లులకు తెలుసు. నమూనా సర్వే అంటే అదే. అయితే ఆ మెతుకు కుండ లోపలి స్థితిని చెప్పేదై ఉండాలి. పైన బిరుసు, అడుగున మాడు ఉన్న కుండలో పైపై మెతుకులు వంద పట్టి చూచినా అడుగు సంగతి తెలియదు. అందుకే గరిటెతో కలిపి చూస్తారు. గణాంక శాస్త్రంలో ఆ కలపడానికే యాదృచ్ఛిక ఎంపిక అని పేరు. ప్రతి ఇంటికీ ఎంపికయ్యే అవకాశం ఉండాలి, ఆ అవకాశం ఎంతో మనకు ముందుగా తెలిసి ఉండాలి. చేతికి అందినవారిని అడగడం యాదృచ్ఛికం కాదు. మాటలో రెండూ ఒకటిగా వినిపిస్తాయి గాని లెక్కలో ఆమడ దూరం.

ఈ తప్పు చేసినవారిలో నేను మొదటివాణ్ణి కాను. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటి మందికి నమూనా ఓటు పత్రాలు పంపింది. సుమారు ఇరవై నాలుగు లక్షల మంది పూర్తిచేసి తిరిగి పంపారు. వాటిని లెక్కించి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. గెలిచినది రూజ్వెల్టు. నలభై ఎనిమిది రాష్ట్రాలలో నలభై ఆరు ఆయనవే. పత్రిక చిరునామాలు సేకరించినది ముఖ్యంగా టెలిఫోను డైరెక్టరీల నుండి, కారు యజమానుల జాబితాల నుండి. ఆర్థిక మాంద్యపు రోజులలో ఇంట్లో ఫోను, వాకిట్లో కారు ఉన్నవారు ఎవరో వేరే చెప్పనక్కరలేదు. పైగా పత్రాలు అందుకొన్నవారిలో నాలుగింట మూడు వంతుల మంది తిరిగి పంపనే లేదు. పంపినవారి మొగ్గు, పంపనివారి మొగ్గు ఒకటి కాదు. అదే ఎన్నికలలో జార్జి గాలప్ అంతకంటె ఎంతో చిన్న నమూనాతో రూజ్వెల్టు గెలుస్తాడని సరిగా చెప్పగలిగాడు. జాబితా వంకరగా ఉంటే సంఖ్య పెరిగినకొద్దీ తప్పు తగ్గదు, తప్పు మీద మనకు నమ్మకం పెరుగుతుంది. నలభై మందిని కాక నాలుగు వందల మందిని అదే బృందంలో అడిగి ఉంటే నేను ఇంకా ధీమాగా తప్పు చెప్పేవాణ్ణి.

తరువాతి కాలంలో డైరెక్టరీని నమ్మడం మానుకొన్నారు. డైరెక్టరీలో పేరు వేయించుకొననివారు, కొత్తగా ఫోను తీసుకొన్నవారు అందులో ఉండరు కదా. అందుచేత అంకెలనే యాదృచ్ఛికంగా కూర్చి ఫోను చేసే పద్ధతి వచ్చింది. అలా కూర్చితే పనిచేయని నంబర్లే ఎక్కువ తగిలేవి. ఆ వృథాను తగ్గించే ఉపాయాన్ని 1970ల దశకంలో వారెన్ మిటోఫ్స్కీ, జోసెఫ్ వాక్స్‌బెర్గ్ అనేవారు రూపొందించారు. మొబైళ్ళు వచ్చి ఇంటి ఫోన్లు మాయమయ్యేసరికి మళ్ళీ కొత్త చిక్కు. ఇంటి ఫోన్లకే చేస్తే వృద్ధులు ఎక్కువగా, యువకులు తక్కువగా దొరికేవారు. ఇప్పుడు ఫోను ఎత్తేవారే కరవయ్యారు. అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ ఫోను సర్వేలలో స్పందించినవారు 1997లో 36 శాతం, 2018 నాటికి 6 శాతం. స్పందన తగ్గినంత మాత్రాన ఫలితం తప్పని చెప్పలేము. ఎత్తినవారు, ఎత్తనివారు అడిగిన విషయంలో ఒకే రకం వారైతే నష్టం లేదు. వేరు రకం వారైతేనే ముప్పు. నా సర్వేలో వారు వేరు రకం వారు.

మన దేశపు సంగతి చూడండి. 2011 జనగణన నాటికి ఏదో ఒక రకం ఫోను ఉన్న కుటుంబాలు 63 శాతం. ఆ తరువాత మొబైలు పల్లె పల్లెకూ చేరింది. అయితే ఇంట్లో ఫోను ఉండడం వేరు, ఇంట్లోని ప్రతి ఒక్కరికీ ఉండడం వేరు. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుండి 49 ఏండ్ల లోపు స్త్రీలలో తాము స్వయంగా వాడుకొనే మొబైలు ఉన్నవారు దాదాపు 54 శాతం. పల్లెలలో సగానికి కూడా తక్కువ. అందుచేత ఫోను చేసి ఎత్తినవారిని అడిగితే మగవారి మాటే ఎక్కువగా వినబడుతుంది. పిల్లవాడి పక్కన కూర్చొని పలక పట్టించే తల్లి, కథలు చెప్పే అవ్వ ఆ లెక్కలోకి రారు. ఇంటి భాష ఎవరి నోట నిలిచి ఉన్నదో వారే మన సర్వేలో మౌనంగా ఉండిపోతారు. అందుకే జాగ్రత్తగా చేసే ఫోను సర్వేలలో ఎత్తిన మనిషినే అడిగి ఊరుకోరు. ఇంట్లో పెద్దలు ఎందరని అడిగి, వారిలో పుట్టినరోజు అందరికంటె ముందుగా రాబోయేది ఎవరికో వారిని పిలవమంటారు. అదీ ఒక విధమైన చీటీ తీయడమే.

సరిహద్దులలో ఉన్న మనబోటివారికి ఇంకొక చిక్కు ఉన్నది. మన దేశంలో మొబైలు నంబర్లను టెలికాం సర్కిళ్ళ వారీగా ఇస్తారు. తమిళనాడు ప్రజల అభిప్రాయం కావాలని తమిళనాడు సర్కిలు నంబర్లను మాత్రమే తీసుకొన్నారనుకోండి. బెంగళూరులో పనిచేస్తూ కర్ణాటక నంబరు పెట్టుకొన్న హోసూరువాడు ఆ జాబితాలో ఉండడు. 2011 జనవరి నుండి సర్కిలు మారినా, కంపెనీ మారినా పాత నంబరునే ఉంచుకొనే వీలు దశలవారీగా వచ్చింది కనుక, నంబరును చూచి ఊరు చెప్పడం మరింత కష్టమైంది. యానాం సంగతి ఇంకా విచిత్రం. పరిపాలన పుదుచ్చేరిది, ఊరు గోదావరి ఒడ్డున, ఇంటి ఫోను కోడు కాకినాడకున్న 0884. పుదుచ్చేరి వారిని అడుగుదామని పుదుచ్చేరి కోడుతో ఫోన్లు చేసేవాడికి యానాంలో ఒక్క ఇల్లూ తగలదు. ఆ నివేదికలో తెలుగువారు లేరని వ్రాసినా ఆశ్చర్యపోనక్కరలేదు. షోలాపురం నేతగాళ్ళ ఇండ్లకు, బరంపురం వీథులకు, బళ్ళారి పల్లెలకు ఇలాంటి చిక్కులు ఏవున్నాయో అక్కడి ఉపాధ్యాయులకే బాగా తెలుసు.

ఇదంతా చదివి తెలుసుకొన్న తరువాత ప్రధానోపాధ్యాయుల దగ్గరకు పోయి, "అయ్యా, నా లెక్క తప్పు. రెండు వారాలు గడువు ఇవ్వండి" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి నా వైపు చూచి, "మీకు కావలసిన జవాబు రాలేదని మళ్ళీ అడుగుతారా?" అన్నారు. ఆ మాట గుచ్చుకొన్నది. అందులో సత్యం లేకపోలేదు. తెలుగుకు అనుకూలంగా వచ్చి ఉంటే నేను ఆ జాబితాను అనుమానించి ఉండేవాణ్ణా? అనుమానించి ఉండనని ఈనాడు ఒప్పుకొంటున్నాను. అందుచేత ఆయనకు ఒక మాట ఇచ్చాను: పద్ధతిని ముందే కాగితం మీద వ్రాసి మీకిస్తాను, ఫలితం ఎటు వచ్చినా మార్చను.

ఈసారి మొదట జాబితా తయారు చేశాను. మా బడి చుట్టుపక్కల రెండు పల్లెలు, ఒక పేట. అంగన్వాడీ పుస్తకాలు, మా బడి రిజిస్టరు కలిపి చూచి, ఐదేండ్ల పిల్లలున్న తెలుగు ఇండ్లు నూట అరవై అని తేల్చుకొన్నాను. ఫోను ఉన్నదా లేదా అన్నది చూడలేదు. మూడు చోట్లకూ ఇండ్ల సంఖ్యను బట్టి వాటా వేసి, చీట్లు వ్రాసి, డబ్బాలో కలిపి, మూడవ తరగతి పిల్లల చేత అరవై చీట్లు తీయించాను. వాళ్ళకు అదొక ఆట. ఎంపికైన ఇంటికి ఉదయం ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి, ఆదివారం ఒకసారి ఫోను చేయాలని నియమం పెట్టుకొన్నాను. ఎత్తలేదని పక్క ఇంటికి పోకూడదు. మూడుసార్లకూ దొరకకపోయినా, ఫోను లేకపోయినా ఇంటికే పోవాలి. పిల్లవాడి చదువు గురించి ఇంట్లో నిర్ణయించేది ఎవరో అడిగి, వారితోనే మాట్లాడాలి. ప్రశ్న మాత్రం అక్షరం మార్చలేదు. అడిగినది కూడా నేనే. తెలుగు అయివారు అడిగితే మొహమాటానికి అవునన్నవారు రెండు సర్వేలలోనూ ఉంటారు. కాబట్టి రెండు ఫలితాలలో పెద్ద తేడా వస్తే, ఎవరిని అడిగామన్నదే దానికి ముఖ్య కారణం.

అరవై ఇండ్లలో మూడు దొరకలేదు, వలస పోయారు. మిగిలిన యాభై ఏడులో ముప్పై ఒకటి తెలుగు కావాలన్నాయి, ఇరవై ఆరు వద్దన్నాయి. అన్నిటికంటె నన్ను ఆలోచింపజేసినది మరొక సంగతి. మొదటిసారికే ఫోను ఎత్తిన ఇండ్లు ఇరవై నాలుగు. వాటిలో కావాలన్నవి తొమ్మిదే. రెండవసారి, మూడవసారి దొరికినవి, నేను నడిచిపోయి అడిగినవి కలిపి ముప్పై మూడు. వాటిలో ఇరవై రెండు కావాలన్నాయి. ఒకే ఊరు, ఒకే ప్రశ్న. మొదటి గంటకు దొరికినవారితో ఆపి ఉంటే ఒక ఊరు, ఓపికపట్టి చివరిదాకా పోతే మరొక ఊరు.

అయినా గెలిచామని నేను చప్పట్లు కొట్టలేదు. సరిగా తీసిన నమూనాలో కూడా కొంత ఊగిసలాట తప్పదు. మోటు లెక్కగా, వందమందిని అడిగితే పది శాతం అటూ ఇటూ, నాలుగు వందల మందిని అడిగితే ఐదు శాతం, వేయి మందిని అడిగితే మూడు శాతం. మా యాభై ఏడు ఇండ్ల లెక్కకు పది శాతానికి పైగా వేసుకోవాలి. కనుక "తెలుగు ఇండ్లలో సుమారు సగం తెలుగు విభాగాన్ని కోరుతున్నాయి, సగానికి పైన అని గట్టిగా చెప్పలేము" అని మాత్రమే వ్రాశాను.

మొదటి సర్వేనే సరిదిద్ది వాడుకోవచ్చును కదా అని ఒక యువ ఉపాధ్యాయుడు అడిగాడు. కొంతవరకు వాడుకోవచ్చును. ఉదాహరణకు వందమందిలో ఎనభై మంది మగవారు, ఇరవై మంది స్త్రీలు దొరికారనుకొందాము. మగవారిలో 30 శాతం, స్త్రీలలో 60 శాతం కావాలన్నారనుకొందాము. ఉన్నది ఉన్నట్లు కూడితే 36 శాతం వస్తుంది. ఊరిలో ఇద్దరూ సరిసమానమని స్త్రీల మాటకు తగిన బరువు ఇస్తే 45 శాతం వస్తుంది. ఈ సవరణ మంచిదే. కాని దొరికిన ఇరవై మంది స్త్రీలు దొరకని స్త్రీల వంటివారే అన్న నమ్మకం మీద అది నిలబడి ఉన్నది. జాబితాలో ఒక్క అవ్వ కూడా లేనప్పుడు ఎంత బరువు వేసినా సున్నా సున్నాయే.

సమావేశంలో రెండు కాగితాలూ చదివాను. మొదటి దానిలో నా తప్పు ఎక్కడున్నదో కూడా చెప్పాను. ప్రధానోపాధ్యాయులు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "సగం ఇండ్లు అడుగుతున్నప్పుడు తలుపు మూయలేము" అన్నారు. ఆ జూన్‌లో తెలుగు విభాగంలో పద్నాలుగు మంది చేరారు. పెద్ద సంఖ్య కాదు. అవ్వ మనుమడు రెండవ వరుసలో కూర్చున్నాడు.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి. మీ చోట తెలుగు అక్కరలేదని ఎవరైనా ఫోను సర్వే చూపితే కోపపడకండి, ఎందరిని అడిగారని మొదట అడగకండి. నంబర్లు ఎక్కడివి, ఏ వేళలో చేశారు, ఎత్తనివారిని ఏమి చేశారు, ఇంట్లో ఎవరితో మాట్లాడారు అని అడగండి. సర్వే మనకు అనుకూలంగా ఉన్ననాడు కూడా ఇవే ప్రశ్నలు అడగండి. ఆనాడు అడగడమే కష్టం, ఆనాడే అవసరం. తల్లిదండ్రులకు మరొక మనవి. బడి నుండి ఫోను వస్తే ఎత్తండి. ఆ సమయానికి వీలు కాకపోతే తరువాత మీరే చేయండి. మీరు ఎత్తని ఫోనుకు మీ తరఫున మరెవరో సమాధానం చెప్పేస్తారు.

మా అవ్వ ఫోను కోసం ఎదురుచూడక నడిచి వచ్చింది. అందరు అవ్వలూ రాలేరు. మనమే పోవాలి.